పేటలో బొమ్మల నడక పెట్టాలంటే: ముందు దారి చూసుకోండి, తర్వాత బొమ్మలు

మీరు అడిగింది ఇదీ: రాజమహేంద్రవరంలో మీ పేటలో ఉన్న పాత ఇళ్ళు, బడి, గ్రంథాలయం కలిపి సంక్రాంతి తర్వాత రెండు సాయంత్రాలు చిత్రకళా ప్రదర్శన. జనం ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడుచుకుంటూ చూస్తారు, అక్కడక్కడ చిత్రకారులు మాట్లాడతారు. మొత్తం పన్నెండు చోట్లు, ఎనభై బొమ్మలు. "ఇందులో ఏం మర్చిపోయాం?" అన్నారు.

మర్చిపోయింది నడకేనండి. పన్నెండు చోట్లు పెడితే జనం నాలుగు చూసి ఇంటికి పోతారు. మిగిలిన ఎనిమిది చోట్లా చిత్రకారులు దోమలు తోలుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. ఆరు చాలు. ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య రెండొందల మీటర్లు మించకూడదు, అంటే మొత్తం కిలోమీటరు. ఒక్కోచోట పన్నెండు నిమిషాలు నిలబడతారనుకోండి, డెబ్బై రెండు నిమిషాలు. పెద్దవాళ్ళతో కలిసి నడవడానికి ఇరవై. చిత్రకారుల మాటలు రెండుచోట్ల వింటే యాభై. అప్పటికే రెండు గంటల ఇరవై నిమిషాలు అయింది. అంతకు మించి ఎవరి కాళ్ళూ సహకరించవు. బొమ్మలు కూడా చోటుకి ఏడెనిమిది దాటనివ్వకండి.

తేదీ పెట్టేముందు పంచాంగం తీయండి. మాఘంలో ముహూర్తాలు ఉంటే టెంట్ హౌస్ వాళ్ళు మీకు దొరకరు, దొరికినా రేటు మండిపోతుంది. వచ్చేవాళ్ళలో సగం మంది పెళ్ళి భోజనాల దగ్గర ఉంటారు. మూఢం రోజులు పడితే మీ పంట పండినట్టే. బల్లలు, బాదులు, కుర్చీలు అన్నీ ఖాళీ. వేళ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఆ రోజుల్లో ఆరు దాటితే చీకటి పడుతుంది కాబట్టి సగం నడక దీపాల్లోనే సాగుతుంది. దారిలో గుడి ఉంటే హారతి వేళ, మైకు వేళ కనుక్కుని ఆ అరగంటలో పక్కన ఎవరి మాటా పెట్టకండి.

దామెర్ల రామారావు చిత్రకళామందిరాన్ని కూడా దారిలో కలపాలని రాశారు. కలపద్దు. అది సాయంత్రం వేళలకు కుదిరే చోటు కాదు. ఉదయం వేరే విడతగా, పదిహేను ఇరవై మందిని ముందే చెప్పి తీసుకెళ్ళండి. 1897లో మీ ఊళ్ళోనే పుట్టి, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో ముప్ఫై నిండకుండానే పోయిన మనిషి గీసిన బొమ్మల్ని పొద్దుటిపూట తీరుబడిగా చూస్తేనే న్యాయం. ఆయన బొమ్మ మీ కరపత్రం మీద వేసుకోవచ్చా అంటే, మన చట్టంలో కాపీరైటు చిత్రకారుడు పోయాక అరవై ఏళ్ళే కాబట్టి ఆ గడువు ఎప్పుడో తీరింది. కానీ లోపల ఫోటో తీయడానికి అనుమతి అడగాల్సిందే, అది వేరే సంగతి.

ఇక గోడలు. పాత ఇళ్ళ సున్నపు గోడకి మేకు కొడితే అరచెయ్యంత పెచ్చు ఊడొస్తుంది. ఆ ఇల్లు మళ్ళీ మీకు ఇవ్వరు. వసారా దూలానికి నైలాన్ తాడు వేసి వేలాడదీయండి. బొమ్మకి రెండు మూలల నుంచీ రెండు తాళ్ళు ఉండాలి, ఒక్క తాడైతే గోదారి గాలికి గిర్రున తిరుగుతుంది. కింద అంచుని కూడా సన్నదారంతో బిగించాలి. దూలం అందకపోతే రెండు సరుగుడు బాదులు నిలువుగా, ఒకటి అడ్డంగా కట్టి, అడుగున పది కిలోల ఇసుక బస్తాలు పెట్టండి. ప్లైవుడ్ కావాలంటే ఎనిమిది బై నాలుగు అడుగుల షీట్లు రెండిటిని బందులతో కలిపి, పుస్తకం తెరిచి నిలబెట్టినట్టు నిలబెట్టండి. పన్నెండు మిల్లీమీటర్ల షీటు ఒక్కోటి దాదాపు ఇరవై కిలోలు ఉంటుంది, దించడానికి ఇద్దరు కావాలి.

ఎత్తు మాత్రం కంటితో అంచనా వేయకండి, టేపు పట్టండి. బొమ్మ నడిమధ్య నేల నుంచి 57 అంగుళాలు, అంటే నాలుగడుగుల తొమ్మిది అంగుళాల దగ్గర ఉండాలి. బొమ్మ ఎత్తు 24 అంగుళాలైతే సగం 12. వెనక తీగని వేలితో పైకి లాగి చూడండి, పై అంచుకి మూడు అంగుళాల కింద ఆగిందనుకోండి. 57కి 12 కలిపి 3 తీసేస్తే 66. ప్లైవుడ్ మీద కొక్కెం ఐదున్నర అడుగుల దగ్గర రావాలి. పెద్ద బొమ్మ, చిన్న బొమ్మ అన్నిటికీ ఇదే లెక్క. అప్పుడే వరస కంటికి తిన్నగా కనిపిస్తుంది. పై అంచులు కలిపితే వరస తిన్నగా ఉంటుందనుకుంటారు చాలామంది, అక్కడే తప్పుతుంది.

డెల్టాలో బొమ్మకి అసలు శత్రువు తేమ. నీటిరంగుల బొమ్మ గాజుకి నేరుగా అంటుకుని ఉంటే రంగు గాజుకి పట్టేస్తుంది, లోపల బూజు పుడుతుంది. మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మని గాజుకి తగలనివ్వని అట్ట) లేని ఫ్రేము తీసుకోబోమని ముందే చెప్పండి. ఫ్రేము వెనక కింది మూలలకి రెండు బెండు ముక్కలు అంటిస్తే గోడకీ బొమ్మకీ మధ్య గాలి ఆడుతుంది. మండువా లోగిలి అందంగా ఉంటుందని నడిమి వాకిట్లో బొమ్మలు పెడతారు. పైన కప్పు లేదు కాబట్టి జనవరిలో రాత్రి ఏడు దాటితే మంచు దిగి, వాకిలి చుట్టూ మూడు నాలుగడుగుల మేర అన్నీ చెమ్మగిల్లుతాయి. లోపలి వసారా గోడలే వాడండి. రాత్రికి వీధివైపు గోడల మీది బొమ్మలు దించి గదిలో పెట్టేయండి.

దీపాలకి ఫోకస్ లైట్లు, హాలోజన్‌లు వద్దు. చోటుకి ఆరు ఎల్ఈడీలు, ఒక్కోటి తొమ్మిది వాట్లది, రంగులు నిజంగా చూపించేవి (డబ్బా మీద సీఆర్ఐ 90 అని ఉంటుంది) తెచ్చుకోండి. పదడుగుల ఎత్తులో దీపం ఉంటే గోడకి మూడడుగుల ఎడంలో పెట్టండి. ఇంకా దూరం జరిపితే గాజులో బొమ్మ బదులు చూసేవాళ్ళ మొహం కనిపిస్తుంది. లోపల తెల్లదీపం ఉంచి, గుమ్మం బయట పసుపుదీపం పెట్టండి. తెల్లదీపానికి మూగినన్ని దీపపు పురుగులు పసుపుదీపానికి మూగవు. పచ్చిగా ఉన్న ఆయిల్ పెయింటింగ్ మీద పురుగు వాలిందంటే దాన్ని తీయడం చిత్రకారుడికే చేతకాదు. కరెంటు పోయినప్పటికి చోటుకొక ఇన్వర్టరు ఉండాలి. ఆరు దీపాలూ కలిపి యాభై నాలుగు వాట్లే, ఏ ఇంటి ఇన్వర్టరైనా మోస్తుంది.

జనం బొమ్మని ముట్టుకోకుండా తాడు కట్టాలా అని అడిగారు. కట్టకండి, పిల్లలు దాంతోనే ఉయ్యాలలూగుతారు. గోడకి రెండడుగుల దూరంలో ముగ్గు గీత లాగి, దానిమీద మెలికలు వేయించండి. తాడు దాటేవాడు కూడా ముగ్గు తొక్కడానికి జంకుతాడు. రాతిముగ్గే వాడండి, బియ్యప్పిండికి చీమలు పడతాయి. దారి చూపడానికి రోడ్డు మీద బాణాలు, అంకెలు కూడా ముగ్గుతోనే వేయొచ్చు, ఫ్లెక్సీల ఖర్చు తప్పుతుంది. చెప్పుల సంగతి ఇంటివాళ్ళతో ముందే తేల్చుకోండి. ఆరుచోట్లా విప్పి తొడుక్కోమంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళు రెండో ఇంటి దగ్గరే ఆగిపోతారు. వసారా దాకా పట్టా పరిచి చెప్పులతోనే రానిస్తే మేలు.

నరసాపురం వైపు నుంచి లేసు అల్లేవాళ్ళని పిలిస్తే వాళ్ళ పనిని తెల్లగోడ మీద పెట్టకండి. తెల్లదారం గోడలో కలిసిపోతుంది. ముదురు నీలం గుడ్డ మీద పరచండి.

చిత్రకారుల మాటలు చాలాచోట్ల చెడేది ఇలా: వేదిక, జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, శాలువాలు, బొకేలు. గంటన్నర అయ్యాక చిత్రకారుడి చేతికి మైకు వచ్చేసరికి ఆయనకీ ఓపిక ఉండదు, మనకీ ఉండదు. వేదికే వద్దు. బొమ్మ పక్కనే నిలబడి పదిహేను నిమిషాలు చెప్పాలి, పది నిమిషాలు ప్రశ్నలు. పాతిక, ముప్ఫై మందికి మించితే రెండు విడతలు చేయండి. కాలర్ మైకు, చేతిలో పట్టే స్పీకరు చాలు. "నా కళాప్రస్థానం" అని మొదలుపెట్టనివ్వకండి. ఒకే బొమ్మ గురించి చెప్పమనండి. దానికి ముందు గీసి పారేసిన స్కెచ్చులు, అరిగిన కుంచెలు వెంట తెమ్మనండి. మొదటి ప్రశ్న అడగడానికి మన జనం మొహమాటపడతారు. అందుకని ఒకరిని ముందే సిద్ధం చేయండి: "ఇందులో ముందు ఏ రంగు వేశారండీ? ఎక్కడ చెరిపి మళ్ళీ వేశారు?" అక్కణ్ణించి మాట దానంతటదే సాగుతుంది. శాలువా కప్పాల్సిందే అనేవాళ్ళు ఉంటారు. రెండో రోజు చివర పది నిమిషాలు వాళ్ళకి ఇచ్చేయండి.

పేరుచీటీలు పోస్టుకార్డు సైజులో, అక్షరం పద్దెనిమిది పాయింట్లకు తగ్గకుండా: బొమ్మ పేరు, చిత్రకారుడి పేరు, ఊరు, మాధ్యమం, ఏడాది, ధర. డీటీపీ షాపులో యూనికోడ్ (మనం ఫోన్‌లో టైపు చేసే తెలుగు) నుంచి అచ్చుకి వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి. అచ్చుకి ముందు ఒక్కో పేరూ ఎవరి పేరు వాళ్ళకే వాట్సాప్‌లో పంపి సరిచూపించండి. అమ్మిన డబ్బు నేరుగా చిత్రకారుడి ఫోన్‌పేకే పోవాలి. మీకు వాటా ఏమైనా ఉంటే అది ముందే కాగితం మీద రాసుకోండి.

వీధిలో జనం గుమిగూడతారు కాబట్టి పోలీస్ స్టేషన్‌లోను, మున్సిపల్ ఆఫీసులోను వారం ముందే దారి పటం జతచేసి అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి.

దించడం రెండో రాత్రే చేయకండి, అందరూ అలసిపోయి ఉంటారు. మర్నాడు పొద్దున్నే, బొమ్మలు తీసుకున్నరోజున ముందువైపూ వెనకవైపూ తీసి ఉంచిన ఫోటోలతో పోల్చుకుంటూ, సంతకం పెట్టించుకుని చిత్రకారులకి అప్పగించండి. కట్టేటప్పుడు ముందు బటర్ పేపరు, దానిమీద బబుల్ షీటు. యాక్రిలిక్ బొమ్మని బబుల్ షీటులో నేరుగా చుట్టి ఎండలో ఆటోలో వదిలేస్తే రంగు మెత్తబడి బుడగల అచ్చులు దానిమీద దిగిపోతాయి, మళ్ళీ పోవు.