బెంజ్ సర్కిల్‌లో ఆగిన బీఎండబ్ల్యూ: మీ ప్రశ్నలు, నా జవాబులు

పాత కారు ఇంట్లోనే బాగు చేసుకునేవాళ్లు ప్రశ్నలు పంపండి అని పోయిన నెల అడిగితే, వచ్చిన వాటిలో సగానికి పైగా బీఎండబ్ల్యూ గురించే. కారణం లేకపోలేదు. చెన్నై దగ్గర వాళ్ల ప్లాంటు 2007లో మొదలైంది, అప్పట్లో అక్కడ బిగించిన 3 సిరీస్, 5 సిరీస్ కార్లు ఇప్పటికి మూడో చేతికో నాలుగో చేతికో వచ్చాయి. నేను మెకానిక్‌ని కాను. 2009 మోడల్ 320ఐ ఒకటి కొని, ఆరేళ్లుగా ఆదివారాలు విప్పుతూ బిగిస్తూ ఉన్నవాణ్ని, అంతే. కొన్ని బిగించాల్సిన దానికంటే ఎక్కువ బిగించి విరగ్గొట్టాను కూడా.

2010 మోడల్ 320డీ, మూడో ఓనర్, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. చిన్న కొత్త కారు కన్నా తక్కువకే ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఎల్బీ నగర్

కారు ధర తగ్గింది గానీ దాని సామాను ధర తగ్గలేదు, ముందు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. మీరు చెప్పిన కారులో ఉండేది ఎన్47 అనే డీజిల్ ఇంజిన్. మంచి ఇంజినే, మైలేజీ బాగుంటుంది, లాగుడు బాగుంటుంది. కానీ 2007 నుంచి 2011 దాకా వచ్చిన వాటిలో టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) అరిగిపోవడం పేరుమోసిన జబ్బు. పైగా ఆ చైన్ మామూలు కార్లలోలా ఇంజిన్ ముందు వైపు ఉండదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అంటే చైన్ మార్చాలంటే గేర్‌బాక్స్ అయినా దించాలి, ఇంజిన్ అయినా దించాలి. ఆ కూలీ ఒక్కటే మీ లెక్క తలకిందులు చేస్తుంది. మార్చకుండా తిప్పితే ఏదో ఒక రోజు తెగుతుంది, తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి, ఆ తర్వాత ఇంజిన్ గురించి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

అందుకని కారు చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, మీరొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. చేరేసరికి బానెట్ వెచ్చగా ఉంటే అనుమానించండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి ఇంజిన్ వెనక వైపు, ముందు అద్దం కిందకి వచ్చే చోట, చెవి పెట్టండి. గొలుసు రేకు మీద రాసుకుంటున్నట్టు శబ్దం వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. చైన్ మార్చామంటే బిల్లు అడగండి. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ అయిందా అన్నది కూడా చూడాలి. 2022 ఏప్రిల్‌లో కారు రెన్యువల్ ఫీజును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు, పైన ఫిట్‌నెస్ తిరుగుడు ఉండనే ఉంది. అన్నీ బాగుంటే కొనండి, కానీ కొన్న ధరలో కనీసం మూడో వంతు డబ్బు విడిగా బ్యాంకులో ఉండాలి. అది లేకపోతే వద్దు.

మాది 320ఐ పెట్రోలు, 2009. మే నెలలో ఏసీ వేసుకుని వెళ్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఎర్ర లైటు వచ్చి ఆగిపోయింది. మెకానిక్ థర్మోస్టాట్ తీసేసి ఇక ఏం కాదన్నాడు. ఇప్పుడు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, అప్పుడప్పుడు మళ్లీ వేడెక్కుతోంది. రేడియేటర్ మార్చమంటున్నాడు. – ఒక పాఠకుడు, విజయవాడ

బీఎండబ్ల్యూ ఆగడానికి బెంజ్ సర్కిలే దొరికిందా అని నవ్వొచ్చింది, క్షమించండి. ఇక విషయానికి వస్తాను. రేడియేటర్ కొనకండి, ఇప్పుడే కొనకండి.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకేయడం మన దగ్గర తాతల నాటి అలవాటు, పాత అంబాసిడర్లకు ఎలాగో నడిచింది. మీ కారులో థర్మోస్టాట్‌ను ఇంజిన్ కంప్యూటర్ నడిపిస్తుంది, ఎప్పుడు ఎంత తెరుచుకోవాలో అదే చెబుతుంది. తీసేస్తే తేలిక రోడ్డు మీద ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కంప్యూటర్ ఊరుకోదు, లైటు వేస్తుంది. ట్రాఫిక్‌లో వేడెక్కడం మాత్రం ఆగదు, ఎందుకంటే అసలు జబ్బు అది కాదు. ముందు కొత్త థర్మోస్టాట్ పెట్టించండి.

ఆ తర్వాత ఒక్కటి గమనించండి, ఎప్పుడు వేడెక్కుతోంది? నిలబడి ఉన్నప్పుడు పెరిగి, బండి కదిలాక తగ్గితే ఫ్యాను మీద అనుమానం. హైవే మీద స్పీడుగా పోతున్నప్పుడు పెరిగితే వాటర్ పంపు, లేదా రేడియేటర్ లోపల పూడుకుపోవడం. రెండూ కాక కూలెంట్ తరిగిపోతుంటే ఎక్కడో కారుతోంది. మీరు రాసిన దాన్ని బట్టి నా ఓటు ఫ్యానుకే. బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి, చేతులు దూరంగా పెట్టి ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే ఫ్యూజు, కనెక్టరు, ఆ తర్వాతే మోటారు. ఈ పరీక్షకు ఖర్చు సున్నా.

మీ కారులో ఇంకో తంటా ఉంది, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడి చూపించే ముల్లే లేదు. ఎర్ర లైటు వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటర్‌కు స్కానర్ తగిలించే సాకెట్‌లో) పెట్టే బ్లూటూత్ ముక్క ఒకటి కొని ఫోన్‌లో కూలెంట్ వేడి చూసుకుంటూ ఉండండి. వంద చుట్టుపక్కల కనిపిస్తే కంగారు పడకండి, ఈ ఇంజిన్‌కు అది మామూలే. ట్రాఫిక్‌లో ఆగకుండా ఎక్కుతూ పోతుంటే మాత్రం ఏసీ ఆపి, హీటరు ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించి పక్కకు తీయండి. మే నెలలో విజయవాడలో హీటరు వేయమంటే తిడతారని తెలుసు. హెడ్ గ్యాస్కెట్ కాలిపోవడం కన్నా పది నిమిషాలు చెమట పట్టడం నయం.

వేడి మీద ఉండగా కూలెంట్ ట్యాంకు మూత తీయకండి, లోపల ప్రెషర్ ఉంటుంది, ముఖం మీదకు చిమ్ముతుంది. ఇంకొకటి, బోరు నీళ్లు పోయకండి. మన నీళ్లలోని సున్నం గిన్నెల అడుగున పట్టినట్టే రేడియేటర్‌లోనూ పడుతుంది. బీఎండబ్ల్యూకు చెప్పిన నీలం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. గొట్టాలు, ట్యాంకు, వాటి కనెక్టర్లు అన్నీ ప్లాస్టిక్కు, రబ్బరు. పదిహేనేళ్లు కాలాక బిస్కట్టులా విరుగుతాయి, అందుకే ఒకటి పోయిందంటే మిగతావి కూడా వరసలో ఉన్నాయని అర్థం. కారుతున్న చోట ఎండిపోయిన తెల్లటి మరక కనిపిస్తుంది. నేల మీద పడ్డ కూలెంట్ వెంటనే కడిగేయండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, పిల్లులూ నాకొచ్చు, అది విషం.

మా ఆయన ప్రతి ఆదివారం కారు కింద దూరి సాయంత్రానికి గానీ బయటికి రారు. కారుతో వచ్చిన జాకీ ఒక్కటే పెడతారు. నాకు టెన్షన్‌గా ఉంటుంది. నా భయం అనవసరమా? – ఒక పాఠకురాలు, వరంగల్

అనవసరం కాదమ్మా, ఈసారి వచ్చిన వాటిలో అన్నిటికన్నా అవసరమైన ప్రశ్న మీదే. డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే, దాని కింద మనిషి ఉండకూడదు, చెయ్యి కూడా ఉండకూడదు. కారును జాకీతో లేపి, బరువును ఇనప స్టాండ్ల మీదకు దించాలి. ఆ తర్వాత కారును గట్టిగా ఊపి చూడాలి, మనం కింద లేనప్పుడే ఊపాలి. నేల మట్టంగా ఉండాలి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. విప్పిన చక్రాన్ని పక్కన పారేయకుండా గుమ్మం పట్టీ (తలుపుల కింది రేకు అంచు) కిందకి తోసేయాలి, స్టాండు జారినా కారు చక్రం మీద పడుతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మలు అస్సలు వద్దు, అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి. బీఎండబ్ల్యూకు కింద నాలుగు మూలలా ప్లాస్టిక్ దిమ్మల్లాంటివి ఉంటాయి, జాకీ అక్కడే పెట్టాలి, వేరే చోట పెడితే రేకు నొక్కుకుపోతుంది.

రెండు మంచి స్టాండ్లు ఆయన పుట్టినరోజుకు కొనివ్వండి. ఆయన కింద ఉన్నంతసేపూ గంటకోసారి టీ ఇచ్చే వంకతో పలకరించండి. మా ఇంట్లో జరిగేది అదే.

సామాను ఆన్‌లైన్‌లో కొంటే నకిలీ, షోరూమ్‌లో కొంటే ఆస్తులు అమ్మాలి. మధ్యలో దారి లేదా? – ఒక పాఠకుడు, కరీంనగర్

ఉంది. బీఎండబ్ల్యూ అన్నీ తనే తయారు చేసుకోదు. గేర్‌బాక్స్ చాలా కార్లలో జెడ్‌ఎఫ్‌ది, సస్పెన్షన్ చేతులు చాలావరకు లెమ్‌ఫోర్డర్‌వి, ఫిల్టర్లు మాలే, మాన్ లాంటివాళ్లవి. ఆ కంపెనీ డబ్బాలోనే కొంటే అదే వస్తువు తక్కువకు వస్తుంది. కొనే ముందు మీ చాసిస్ నంబరులో చివరి ఏడు అక్షరాలు తీసుకుని కచ్చితమైన పార్టు నంబరు కనుక్కోండి. అది 11 అంకెలుంటుంది, అందులో మొదటి రెండూ ఏ విభాగమో చెబుతాయి: 11 అంటే ఇంజిన్, 17 అంటే కూలింగ్, 34 అంటే బ్రేకులు. ‘320ఐకి వాటర్ పంపు కావాలి’ అని అడిగితే మీకు ఎవరిదో పంపు వస్తుంది. ఒకే మోడల్‌లో ఏడాది మారితే ఇంజిన్ మారుతుంది, కొన్నిటికి గేర్‌బాక్స్ కంపెనీయే మారిపోయింది. నేనొకసారి ఈ పని చేయకుండా గేర్‌బాక్స్ ఫిల్టరు తెప్పించి, అది మా కారుది కాదని ఆయిల్ అంతా దించేశాక చూసుకున్నాను. కారు నాలుగు రోజులు స్టాండ్ల మీదే ఉంది.

ఒక్క విషయంలో పీనాసితనం వద్దు, రబ్బరు సీళ్లు, గ్యాస్కెట్లు. వంద రూపాయలు మిగులుతాయి, విప్పిన పనంతా మళ్లీ చేయాల్సి వస్తుంది. చిన్న టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే పానా) కూడా కొనండి. మా కారు వాల్వ్ కవర్ ప్లాస్టిక్కు, దాని బోల్టులకు పది న్యూటన్ మీటర్లు చాలు, నేను ‘ఇంకొంచెం’ అనుకుని చేత్తో బిగించాను. విరిగిన బోల్టు తీయడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది.

కొత్త బ్యాటరీ వేయించిన ఆర్నెల్లకే 320ఐ మళ్లీ సతాయిస్తోంది. బ్యాటరీ మోసమా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

కొత్త బ్యాటరీ వచ్చిందని కారుకు ఎవరైనా చెప్పారా? ఈ కార్లలో స్కానర్ పెట్టి బ్యాటరీని రిజిస్టర్ చేయాలి, లేకపోతే కారు ఇంకా పాత ముసలి బ్యాటరీయే ఉందనుకుని దానికి తగ్గట్టే చార్జ్ చేస్తుంది. రకమో సైజో మారితే కోడింగ్ కూడా మార్చాలి. పది నిమిషాల పని.

అమెరికాలో ఉంటున్నాం. 2003 మోడల్ 330ఐ కొన్నాను, ఉష్ణోగ్రత ముల్లు ఎప్పుడూ సరిగ్గా మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఇంజిన్ భేషుగ్గా ఉందనుకుంటున్నాను. మొదట ఏం చేయాలి? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

ఆ ముల్లును నమ్మకండి. ఈ46లో (మీ కారు తరానికి కంపెనీ పేరు అది) దాన్ని కావాలనే అలా పెట్టారు, సుమారు 75 నుంచి 115 డిగ్రీల దాకా మధ్యలోంచి కదలదు. కదిలిందంటే ఇక నిమిషాల సంగతి. మొదటి పని కూలింగ్ సిస్టమ్, ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే ట్యాంకు, పంపు, థర్మోస్టాట్, గొట్టాలు అన్నీ ఒకేసారి మార్చేయండి. రెండోది మీ చలికి సంబంధించింది: ఇంజిన్ ఆవిర్లను తిప్పి పంపే వాల్వు, సీసీవీ అంటారు, అందులో తేమా ఆయిలూ కలిసి వెన్నలా గడ్డకడతాయి, మరీ చలిలో పూడుకుపోతే ఇంజిన్ తన ఆయిల్ తనే తాగుతుంది. చలి ప్రాంతాలకని తొడుగు వేసిన రకం ఉంది, అది వేయండి.

మూడోది, కారు లేపి వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాల సామానును మోసే చట్రం) బిగించే నాలుగు చోట్ల రేకు చీలిందేమో లైటు వేసి చూడండి. ఈ46కు అది పుట్టుకతో వచ్చిన బలహీనత. మీ దగ్గర రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి తుప్పు కూడా అక్కడే వెతకండి. చీలిక చిన్నగా ఉన్నప్పుడే వెల్డింగ్ చేయించి బలం పట్టీలు వేయిస్తే సరిపోతుంది. పాలిష్, కొత్త హెడ్‌లైట్లు, చక్రాలు.. వాటి గురించి నాలుగు పేజీలు రాశారు గానీ, అవి వచ్చే ఏడాది.

మ్యూనిక్‌లో పని చేస్తున్నాను. 1989 ఈ30 320ఐ దొరికింది, రెండేళ్లుగా కదల్లేదట. అపార్ట్‌మెంట్‌లో ఉంటాను, షెడ్డు లేదు. సాధ్యమేనా? – ఒక పాఠకుడు, జర్మనీ

మీ అదృష్టానికి కుళ్లుకుంటున్నాను. అక్కడ గంటల లెక్కన లిఫ్టు, పనిముట్లు అద్దెకిచ్చే సొంత రిపేరు షెడ్లు ఉంటాయి, మాకు ఇక్కడ అవి లేవు. సామాను సంగతికొస్తే బీఎండబ్ల్యూ పాత కార్ల విభాగం మీ ఊళ్లోనే ఉంది, ఈ30 భాగాలు చాలా ఇప్పటికీ అమ్ముతోంది. 30 ఏళ్లు దాటింది కాబట్టి, అసలు రూపం చెడకుండా ఉంటే హెచ్ నంబరు ప్లేటుకు (పాతకాలపు కార్లకిచ్చేది) పెట్టుకోవచ్చు, పన్ను ఏడాదికి 191 యూరోల చిల్లర. అందుకే రంగు, స్టీరింగ్ మార్చేయకండి. కొనే ముందు జాకీ పెట్టే చోట్లు, గుమ్మం పట్టీలు, సన్‌రూఫ్ అంచులు తుప్పు కోసం చూడండి. ఇంజిన్ పని ఎవరైనా నేర్చుకోవచ్చు, తుప్పు పని మాత్రం జేబు ఖాళీ చేస్తుంది.

దాని ఎం20 ఇంజిన్‌కు చైన్ కాదు, రబ్బరు టైమింగ్ బెల్టు. తిరిగిన కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కే, నాలుగైదేళ్లకోసారి మారాలి. తెగితే వాల్వులు వంగిపోతాయి. ఎప్పుడు మార్చారో తేదీతో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి, అమ్మేవాళ్లు ‘ఒకసారి స్టార్ట్ చేసి చూపిస్తా’ అన్నా వద్దనండి. ట్రక్కు మీద ఎక్కించి తెచ్చుకుని, బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు మార్చాకే తాళం తిప్పండి.