రాజీనామా ఇచ్చి తిరిగి వచ్చిన ఉహురా

ప్రశ్న: ‘స్టార్ ట్రెక్’ సీరియల్‌లో ఉహురా పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ ఆ సీరియల్‌ను మధ్యలోనే వదిలేయాలనుకున్నారని, మార్టిన్ లూథర్ కింగ్ ఆమెను ఆపారని విన్నాను. ఇది నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ సంగతి ఆమె స్వయంగా ఎన్నో ఇంటర్వ్యూలలో చెప్పారు. 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలైన ఆ సీరియల్‌లో ఉహురా అంతరిక్షనౌకలోని సమాచార విభాగానికి అధికారిణి. స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థమిచ్చే ‘ఉహురు’ అనే మాట నుంచి ఆ పేరు పుట్టింది. నల్లజాతి నటీమణులకు ఎక్కువగా పనిమనిషి వేషాలే దక్కుతున్న ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. అయితే చిత్రీకరణ నాటికి ఆమె సంభాషణలు కత్తిరింపులకు గురై, చాలాసార్లు సంకేతాల మార్గం తెరిచామని కెప్టెన్‌కు చెప్పే ఒక్క వాక్యమే మిగిలేది. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంతో కలిసి పాడిన గాయని, బ్రాడ్‌వే రంగస్థలం మీద మనసున్న కళాకారిణి అంతటితో ఎలా తృప్తి పడతారు? ఆమె వెళ్ళిపోవాలనుకోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం.

మొదటి సీజన్ ముగిశాక ఆమె రాజీనామా లేఖను సీరియల్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ చేతిలో పెట్టారు. వారాంతమంతా ఆలోచించుకుని చెప్పమన్నారాయన. ఆ రెండు రోజుల్లోనే ఒక విరాళాల సేకరణ సభకు వెళ్ళిన నిషెల్‌ను ఒక అభిమాని కలవాలనుకుంటున్నారని నిర్వాహకులు పిలిచారు. ఎవరో కుర్రవాడై ఉంటాడనుకుంటూ ఆమె వెనక్కి తిరిగేసరికి, చిరునవ్వుతో నడిచి వస్తున్న డాక్టర్ కింగ్ కనిపించారు. తానూ తన భార్యా పిల్లలను రాత్రి మేలుకుని చూడనిచ్చే సీరియల్ అదొక్కటేనని ఆయన అన్నారట. తాను మానేస్తున్నానని ఆమె చెప్పగానే ఆ నవ్వు మాయమైంది. మనం ఎలా కనిపించాలో అలా ప్రపంచం మొదటిసారి మనల్ని చూస్తున్నది, నువ్వు వెళ్ళిపోతే ఆ చోటును ఎవరితోనైనా నింపేస్తారు అన్నది ఆయన మాటల సారాంశం.

సోమవారం వెళ్ళి ఉండిపోతానని చెప్పినప్పుడు, రాడెన్‌బెరీ సొరుగు తెరిచి ఆమె లేఖను తిరిగి ఇచ్చారు. అప్పటికే ఆయన దాన్ని ముక్కలు ముక్కలుగా చించేశారు. 1969లో ప్రసారం ఆగిపోయేదాకా ఆమె ఆ సీరియల్‌లోనే ఉన్నారు.

ప్రశ్న: నాసాతో ఆమెకు ఉన్న సంబంధం నిజమైనదా, ప్రచారం కోసమా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ముమ్మాటికీ నిజమైనది. 1977లో నాసాతో ఒప్పందం చేసుకుని, మహిళలనూ నల్లజాతివారినీ వ్యోమగాములుగా దరఖాస్తు చేసుకోమని ప్రోత్సహిస్తూ ఆమె ఊరూరా తిరిగారు. 1978లో ఎంపికైన 35 మందిలో ఆరుగురు మహిళలు, ముగ్గురు నల్లజాతి పురుషులు ఉన్నారు. వారిలో శాలీ రైడ్ 1983లో అంతరిక్షానికి వెళ్ళిన తొలి అమెరికన్ మహిళ అయ్యారు. చిన్నతనంలో ఉహురాను టీవీలో చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో ఎండీవర్ నౌకలో ప్రయాణించి, అంతరిక్షానికి చేరిన మొదటి నల్లజాతి మహిళగా నిలిచారు. అక్కడ తన పని వేళ మొదలైన ప్రతిసారీ ఆమె ఉహురా చెప్పే ఆ ఒక్క వాక్యాన్నే పలికేవారు.