విశాఖ వచ్చినవాళ్లు ఏటికొప్పాకలో ఒక పూట కూర్చోవాలి

నాలుగు రోజులు విశాఖపట్నం, చుట్టుపక్కల ఊళ్లు తిరగబోతున్నామని, ఆర్ట్ గ్యాలరీలు, కళాకారుల పని చూడదగ్గ చోట్లు చెప్పమని అడిగారు. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. గట్టిగా ఒక్క మాట చెబుతాను: ఆ నాలుగు రోజుల్లో ఒక పూట లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక అనే ఊరికి తీసిపెట్టండి. మిగిలినవన్నీ దాని తర్వాతే.

బీచ్ రోడ్డు సంగతి మీకు ఎవరైనా చెబుతారు. 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి, ఎదురుగా టీయూ-142 విమానం, ఆ దారిలోనే డచ్చివాళ్ల నాటి బంగళాలో విశాఖ మ్యూజియం. ఒక సాయంత్రం సరిపోతుంది, చూడండి. నేను చెప్పదలచుకున్నది వేరు.

కొన్నేళ్ల క్రితం వేసవి సెలవుల్లో మా అన్నయ్య కూతురు మా ఇంటికి వచ్చింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. అంతకుముందు నెలలోనే వేరే ఊళ్లో ఒక మ్యూజియానికి తీసుకెళ్లాను. అద్దాల బీరువాలో లక్క బొమ్మలు పెట్టారు. కింద చీటీ మీద ఊరి పేరు, ఒక అంకె, అంతే. "అత్తా, వీటికి ఇంత నున్నగా రంగు ఎలా వేస్తారు?" అని అది అడిగింది. నాకూ సరిగ్గా తెలియదు. అక్కడున్న ఉద్యోగిని అడిగితే, వెనక జనం ఉన్నారు, ముందుకు నడవండి అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. పసిపిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేని చోట బొమ్మను దాచి ఏం లాభం? ఆ రోజే అనుకున్నాను, దీన్ని ఏటికొప్పాక తీసుకెళ్లాలని.

విశాఖ నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడు అనకాపల్లి జిల్లా. రాజమండ్రి వైపు వెళ్లే బస్సెక్కి హైవే మీద దిగి, ఆటోలో ఊళ్లోకి వెళ్లాం. వరాహ నది ఒడ్డున ఊరు. ఒక ఇంటి వసారాలో లేత్, అంటే కర్రను గిర్రున తిప్పే యంత్రం, తిరుగుతున్న చప్పుడు వినిపించి ఆగాం. ఒక పెద్దాయన కూర్చుని పని చేస్తున్నాడు. మోకాళ్ల దాకా తెల్లటి పొట్టు. "బాబాయిగారూ, పాప చూస్తుందట" అన్నాను. ఆయన పక్కనున్న పీట చేత్తో తుడిచి దానికి చూపించాడు.

అంకుడు కర్ర ముక్క ఒకటి బిగించాడు. ఆ కర్ర చాలా మెత్తన, చెక్కితే లోపల పాలలా తెల్లగా ఉంటుంది. కోసి తేగానే పనికిరాదు, నెలల తరబడి ఆరాలి. ఉలి ఆనించగానే పొట్టు ఉల్లిపొరల్లా లేచి పడుతోంది. చూస్తుండగానే నడుము వచ్చింది, కింద మొన వచ్చింది, అది బొంగరం అయింది. తర్వాత ఆకుపచ్చ లక్క కడ్డీ తీసి, తిరుగుతున్న కర్రకు అదిమి పట్టాడు. నిప్పు లేదు, కుంచె లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంది. ముందు గరుకుగా, మచ్చలు మచ్చలుగా ఉంది. ఎండిన మొగలి ఆకు ముక్కను మడిచి దాని మీద ఆనించాడు. ఒక్క క్షణం. మచ్చలన్నీ కలిసిపోయి, వసారా బయటి వెలుగు ఆ బొంగరం మీద మెరిసింది. మా పిల్ల లేచి నిలబడింది. "అత్తా, రంగు లోపలి నుంచి వచ్చింది!"

ఆయన నవ్వి పసుపు రంగు కడ్డీ దాని చేతికిచ్చి, "నువ్వు పట్టు తల్లీ" అని దాని చేతి మీద తన చేయి వేశాడు. సన్నటి గీత రావలసింది వెడల్పుగా పక్కనున్న ఆకుపచ్చ మీదికి పాకింది. సరిచేస్తానని ఆయన ఉలి తీశాడు. అది ఒప్పుకోలేదు. ఆ బొంగరం ఇప్పటికీ దాని బల్ల మీదే ఉంది.

మేము అక్కడ ఉండగానే కారులో ఒక కుటుంబం వచ్చింది. పది బొమ్మలు ఏరి, సగం ధరకు ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేనన్నాడు. కాసేపు గీసి గీసి బేరమాడి, వదిలేసి వెళ్లిపోయారు. ఆయన ఏమీ అనలేదు. వాళ్లు చెదరగొట్టిన బొమ్మలను మళ్లీ వరసగా పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నగరంలో కాఫీకి అడిగినంత ఇచ్చేవాళ్లు ఈ వసారా ముందుకు వచ్చేసరికి లెక్కలు తీస్తారు. అంకుడు కర్ర ఒకప్పుడు దగ్గర కొండల్లోనే దొరికేదట, ఇప్పుడు దూరం నుంచి తెప్పించుకోవలసి వస్తోందని ఆయనే చెప్పాడు. దయచేసి అక్కడ బేరమాడకండి. ఖరీదనిపిస్తే ఒక్క బొమ్మే కొనండి.

ఇంకో మాట. కొనేముందు రంగు దేనితో చేశారని అడగండి. ఈ ఊరి గొప్పతనమంతా అందులోనే ఉంది. పసుపు కొమ్ముల నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ, ఎరుపు. ఈ రంగులతో చేసిన బొమ్మలైతే చంటిపిల్లలు నోట్లో పెట్టుకున్నా రంగు గురించి భయపడనక్కరలేదు. రసాయన రంగుల వైపు పోతున్న పనిని మళ్లీ చెట్ల రంగుల వైపు తిప్పడానికి ఈ ఊరివాడే అయిన సి.వి. రాజు గారు ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2017లో బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద నిలిచినవి కూడా ఇవే. అయినా విశాఖలో ఎన్నో ఇళ్లల్లో షోకేసు నిండా ప్లాస్టిక్ బొమ్మలే కనిపిస్తాయి.

లక్క అంటే గుర్తొచ్చింది. 18వ శతాబ్దంలో మన విశాఖ పేరే ఒక పనితనానికి పేరు. ఏనుగు దంతం పలకలు తాపడం చేసిన పెట్టెలు, బల్లలు, కుర్చీలు ఇక్కడి పనివాళ్లు తెల్లదొరల కోసం చేసేవారు. దంతం మీద పూలు, తీగలు సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. వాటిని ఇప్పుడు చూడాలంటే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్లకు వెళ్లాలి. దంతపు పని మళ్లీ రావాలని నేను అనను, ఏనుగులు బతకాలి. కానీ ఈ సంగతి మాకు బడిలో ఎవరూ చెప్పలేదు. ఆ పెట్టెల ఫొటోలతో ఊళ్లో ఒక్క గది నింపినా మా పిల్లలు తలెత్తుకుని నడుస్తారు.

మీ మిగిలిన రోజులకు: ఏటికొప్పాక దారిలోనే అనకాపల్లి దగ్గర శంకరం ఉంది. బొజ్జన్నకొండ, లింగాలకొండ మీద రాతినే తొలిచి చేసిన బౌద్ధ స్తూపాలు చూడండి, ఎండ ముదరకముందే ఎక్కాలి. అరకు వెళ్తే గిరిజన మ్యూజియం ఉంది. బొబ్బిలి దాకా వెళ్లే ఓపిక ఉంటే, పనస మానును తొలిచి వీణ చేసేవాళ్లు గొల్లపల్లిలో ఉన్నారు. అక్కడా ఇదే మాట, దుకాణంలో కాదు, పని జరిగే చోట కూర్చోండి.

ఏటికొప్పాకకు పొద్దున్నే బయలుదేరండి. ఊళ్లోకి వెళ్లగానే కొనేయకండి. లేత్ తిరుగుతున్న ఇల్లు వెతికి, చూడవచ్చా అని అడిగి, ఒక్క బొమ్మ మొదటి నుంచి చివరి దాకా తయారయ్యేది చూడండి. పిల్లలుంటే వాళ్లను ముందు కూర్చోబెట్టండి. లేత్‌కు దగ్గరగా జడలు, చున్నీలు వేలాడనీయకండి.