ప్లాటు కొనివ్వాలా, ఎంటెక్‌కు పంపాలా?

ప్రశ్న: సింగరేణిలో రిటైరయ్యాను, ఉండేది భూపాలపల్లి. మా అబ్బాయి బీటెక్ సివిల్ పూర్తిచేసి ఏడాదైంది. ఎంటెక్ వద్దంటాడు. మామునూరు ఎయిర్‌పోర్టు వస్తే రేట్లు ఆగవు, హనుమకొండ బయట 200 గజాలు కొనివ్వు, రియల్ ఎస్టేట్‌లోనే స్థిరపడతా అంటున్నాడు. గజం 10 వేలట, ప్రీలాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే కొంటే, 6 వేలకే ఇస్తారట. చేతిలో 25 లక్షలున్నాయి. ఏది మంచిది?

జవాబు: మీ భయం ప్లాటు గురించి కాదు, ఈడు పిల్లలంతా జీతాలు తెస్తుంటే మావాడు ఇంట్లోనే ఉన్నాడని. సివిల్ చదివినవాళ్లకు మొదటి ఉద్యోగం ఆలస్యం కావడం మామూలే. ఏడాదికే పిల్లాడు చేజారిపోయినట్టు కాదు.

ముందు లెక్క చూద్దాం. ప్లాటు 20 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే లక్షన్నర. ఆ 21.5 లక్షలు 7 శాతం వడ్డీకి ఉంచితే ఐదేళ్లకు 30 లక్షలు దాటుతాయి. అంటే అప్పటికి గజం 15 వేలు పలికితేనే మీరు బ్యాంకు వడ్డీతో సమానంగా ఉన్నట్టు. ఖాళీ ప్లాటుకు కిరాయి రాదు, అవసరమైన నెలలో కొనేవాడు దొరకడు. ఎయిర్‌పోర్టు మాట ఆ 10 వేలలో ఇప్పటికే కలిసి ఉంది.

ఇక ఆ ప్రీలాంచ్. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం 2016 రెరా చట్టం 3వ సెక్షన్ ప్రకారం కుదరదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 6 వేలకే ఎందుకిస్తున్నారంటే, చాలాసార్లు ఆ భూమి ఇంకా వాళ్ల పేరు మీద లేదు. మీ డబ్బుతోనే రైతుకు బయానా కడతారు. మీవాడు అక్కడ ఏజెంటుగా చేరినా చిక్కే: రిజిస్టర్ కాని ప్రాజెక్టు అమ్మితే ఏజెంటుకు రోజుకు 10 వేల జరిమానా, ప్లాటు ధరలో 5 శాతం దాకా. మొదటి కస్టమర్లు మేనమామలు, బాబాయిలే అవుతారు. వెంచర్ ఆగితే వాళ్లు కంపెనీ ఆఫీసుకు పోరు, మీ గడపలోకే వస్తారు.

కోపగించుకోకండి, 25లో 21.5 లక్షలు ఒక్క ప్లాటులో పోస్తే మీ ఇద్దరి మందులకు, ఇంటి ఖర్చుకు మిగిలేదెంత? కొడుకు ఖాళీగా ఉన్నాడన్న మాట పడలేక డబ్బుతో నలుగురి నోళ్లు మూయించాలని చూస్తున్నారు. అది వాడికి పని నేర్పదు.

నిజంగా ఇష్టముంటే డబ్బు ఇవ్వకుండా ఆరు నెలలు కాగితాలు చదవనివ్వండి. ఒక వెంచర్ పట్టుకొని ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయమనండి. ప్లాటు నంబరు మీదే కాదు, సర్వే నంబరు మీదా వెతకాలి. భూమిగా ఉన్నప్పటి అమ్మకాలు ప్లాటు నంబరుతో కనపడవు. 2020 చివరి నుంచి వ్యవసాయ భూమి లావాదేవీలు ధరణిలో, ఇప్పుడు భూభారతిలో ఉంటాయి, అదీ చూడాలి. 1983కు ముందు ఈసీలు ఆన్‌లైన్‌లో రావు. ఆపైన 1954-55 కాస్రా పహాణీలో (పాత రెవెన్యూ భూమి రికార్డు) పట్టాదారు ఎవరు, మధ్యలో ఆడపిల్లల సంతకాలు తప్పాయా, జీపీఏ (తన తరఫున అమ్మే అధికారపత్రం) ఇచ్చినాయన బతికే ఉన్నాడా, రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్నవి. నోటరీ అగ్రిమెంట్లు ఈసీకి ఎక్కవు, ఊళ్లో అడిగితేనే తెలుస్తాయి. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అని చెప్తే ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) అడిగి, కుడా ఆఫీసులోనే సరిచూడాలి. తర్వాత సేల్ డీడులో 33 అడుగుల రోడ్డని ఉంటే టేపు పట్టి కొలవాలి. పక్కన చెరువుంటే శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) హద్దు ఎంతవరకో అడగాలి. 2023 జూలై వరదల్లో వరంగల్ హంటర్ రోడ్డు మీద నీళ్లు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. స్థలం చూడ్డానికి వాన పడ్డ మర్నాడు వెళ్లడం మేలు.

ఇది చేయగలిగిన సివిల్ కుర్రాడికి సర్వే, వాల్యుయేషన్ వైపు దారి ఉంది. ప్లాటు లేకున్నా నడుస్తుంది. ఎంటెక్ వద్దన్నవాణ్ని బలవంతంగా పంపితే రెండేళ్ల తర్వాత ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు.

ఆ ప్రీలాంచ్ వాళ్లకు ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే ఇంక నగదు ఇవ్వకండి. రసీదులు, వాట్సాప్ మెసేజులు దాచి, డబ్బు తిరిగిమ్మని రాతపూర్వకంగా అడగండి. స్పందించకపోతే రెరాకు ఫిర్యాదు చేయవచ్చు.