బృహద్ధమని పొర చీలితే మానుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. కొబ్బరికాయల వలుపు పని. రెండు నెలల కిందట వీపు మధ్య కోసేసినట్టు నొప్పి వచ్చింది. బృహద్ధమనిలో (గుండె నుంచి ఒంటికంతా నెత్తురు మోసే పెద్ద నాళం) పొర చీలిందని, ఛాతీ నుంచి కిందికి దిగే భాగం కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదని మందులిచ్చారు. ఇప్పుడు నొప్పి లేదు, బీపీ 118. మాత్రలు ఆపొచ్చా? పనికి వెళ్లొచ్చా?
- పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: మాత్రలు ఆపకండమ్మా. 118 ఉంటున్నది ఆ మాత్రల వల్లే. మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే నాడీ, బీపీ రెండూ ఎగబాకుతాయి. నొప్పి పోయినంత మాత్రాన చీలిక మానినట్టు కాదు.

అరటి బోదె అడ్డంగా కోస్తే పట్ట మీద పట్ట కనిపిస్తుంది కదా, ధమని గోడకూ అలా మూడు పొరలుంటాయి. లోపలి పొర చిరిగిన చోట నెత్తురు మధ్య పొరలోకి దూరి, నిలువునా చీల్చుకుంటూ పోయి, అసలు దారి పక్కనే దొంగదారి చేస్తుంది. గుండె నుంచి పైకి లేచే భాగంలో అయితే గంటగంటకూ ప్రాణాపాయమే, వెంటనే ఆపరేషన్ చేయాలి. మీ నాన్నగారిది ఆ రకం కాదు.

చిరిగిన పొర మునుపటిలా అతుక్కోవడం అరుదు. దొంగదారిలో నెత్తురు పూర్తిగా గడ్డకట్టి, నెలల తరబడి కుంచించుకుపోతే అదే మానడం. సగం గడ్డకట్టి సగం పారుతుంటేనే చిక్కు. లోపలికొచ్చిన నెత్తురు బయటికి పోలేక ఒత్తిడి పెరిగి గోడ ఉబ్బుతుంది. రెండు దారుల మధ్య తెర మొదటి మూడు నెలల్లో పలచగా కదులుతూ ఉండి, ఆ తర్వాత గట్టిపడుతుంది. స్టెంట్ గ్రాఫ్ట్ (ధమని లోపల అమర్చే తొడుగు గొట్టం) అవసరమయ్యే లక్షణాలుంటే ఈలోపే వేయించుకోవడం మేలు. కాబట్టి మూడో నెల సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) వాయిదా వేయకండి. పాత స్కాన్ సీడీ తప్పక పట్టుకెళ్లండి. అదే చోట ధమని వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో పోల్చాలి, పాత రిపోర్టు కాగితం చాలదు. 55 మిల్లీమీటర్లకు చేరినా, త్వరత్వరగా పెరుగుతున్నా రిపేరు గురించి ఆలోచిస్తారు. ఆ తర్వాత ఆరో నెలలో, ఏడాదికి, ఇక ఏటా స్కాన్ ఉంటుంది.

వలుపు పని వద్దు. ఇనుప మొనకు కాయ గుచ్చి ఊపిరి బిగబట్టి తిప్పిన ప్రతిసారీ బీపీ అమాంతం లేస్తుంది. బస్తాలెత్తడం, మలబద్ధకంతో ముక్కడం కూడా అంతే. కాలువ గట్టు మీద మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో నడవొచ్చు. ఆవకాయ, ఎండుచేపలు పక్కన పెట్టండి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, జ్వరానికి సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వద్దని మీ ఊరి ఆర్ఎంపీకి ముందే చెప్పండి. మొదటిది బీపీ పెంచుతుంది, మిగతావి ధమని గోడను బలహీనపరచొచ్చు.

మళ్లీ వీపునొప్పి, కడుపునొప్పి వచ్చినా, కాలు చల్లబడినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకు మొట్టమొదట చెప్పాల్సిన మాట "ధమని చీలిక ఉంది" అని. గుండెపోటనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది.