కూలర్ కొనే ముందు గాలి సంగతి చూడరా

ఒరేయ్ చిన్నా,

వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ప్రాసెసర్ 90 డిగ్రీల దగ్గరే కూర్చుంటోంది, లిక్విడ్ కూలర్ (గొట్టాల్లో ద్రవం తిప్పి చల్లబరిచేది) కొనేయమంటావా అని అడిగావు. ఆగు. ముందు కంప్యూటర్ డబ్బా పక్క తలుపు విప్పేసి, అదే వీడియో మళ్లీ ఒక పావుగంట నడిపించి చూడు. ఏడెనిమిది డిగ్రీలు తగ్గిందంటే కూలర్ తప్పేమీ లేదు, డబ్బాలోకి గాలి రావట్లేదు. ఏం తగ్గకపోతే తేడా కూలర్లోనో, ప్రాసెసర్ వేడి కూలర్‌కి అందడానికి రెంటి మధ్య పూసే పేస్ట్‌లోనో ఉన్నట్టు.

నీది ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్ కదా, నాకు మొదటి అనుమానం దాని మీదే. చూడ్డానికి బాగుంటుంది గానీ గాలి పక్క సందుల్లోంచి దూరాలి. ఆ ముందు ప్యానెల్ ఊడదీసి ఇంకోసారి చూడు, తేడా నీకే తెలుస్తుంది. పైగా దాన్ని తీసుకెళ్లి కంప్యూటర్ టేబుల్ అరలో పెట్టావు! వెనక నుంచి పోయిన వేడి గాలే మళ్లీ ముందుకొచ్చి లోపలికి పోతుంది. బయటికి తీసి గోడకి జానెడు దూరంలో పెట్టు.

ఫ్యాన్లు ముందువి గాలి లోపలికి తీసుకోవాలి, వెనకది, పైది బయటికి తోయాలి. ఫ్యాన్‌కి అడ్డంగా ప్లాస్టిక్ పుల్లలున్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ఇది తెలియక నేను ఒకసారి వెనక ఫ్యాన్ తిరగేసి బిగించి నెలన్నర ప్రాసెసర్‌ని తిట్టుకున్నాను. చివరికి దేవుడి దగ్గర అగరొత్తి తెచ్చి వెనక జాలీ దగ్గర పెడితే, పొగ బయటికి పోకుండా సుబ్బరంగా లోపలికి దూరింది. మీ అత్తయ్య ఇప్పటికీ కంప్యూటర్‌కి హారతి ఇచ్చావని నవ్వుతుంది.

తర్వాత దుమ్ము. పైపైన బ్లోయర్ కొడితే చాలదు, కూలర్ మీది ఫ్యాన్ విప్పి చూడు, రేకుల మధ్య పాత దుప్పటి ముక్కలా అట్టకట్టి ఉంటుంది. ప్లగ్ పీకేసి, వరండాలోకి తీసుకెళ్లి కొట్టు. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, ఆ గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

పేస్ట్ మార్చాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. నీది ఏఎం4 సాకెట్లో కూర్చునే రైజెన్ ప్రాసెసర్, పిన్నులు దాని అడుగునే ఉంటాయి; కూలర్‌ని నిటారుగా లాగితే ఎండిన పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగాయంటే ఇక నీ పని అయినట్టే. అందుకని ముందు పది నిమిషాలు కంప్యూటర్‌ని బాగా పని చేయించి, ఆపేసి, పేస్ట్ మెత్తగా ఉండగానే కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి లేపు. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది మధ్యలో బఠాణీ గింజంత పెట్టు, చాలు. మొహానికి పౌడర్ పూసినట్టు పూయకు.

ఇంకోటి, మే నెలలో బ్రాడీపేటలో మీ మేడ మీద గది 38 ఉంటే, ఏ ఫ్యాన్ పెట్టినా, నువ్వు అడిగే లిక్విడ్ కూలర్ పెట్టినా ప్రాసెసర్ 38 కంటే కిందికి రాదు. గదిలో గాలి తప్ప వాటికి వేరే గాలి ఎక్కడిది? పెద్ద వీడియోలు రాత్రి పెట్టుకో.

ఆదివారం చేస్తే ముందెంత, తర్వాతెంత రాసి పంపు. స్క్రూలు ఒక గిన్నెలో వేసుకో, మీ అమ్మ ఊడ్చేసిందని నాకు ఫోన్ చేయకు.

మీ మామయ్య, బెజవాడ