లాప్‌టాప్ మూసి బ్యాగ్‌లో పెడితే వేడెక్కి ఛార్జింగ్ అయిపోతోంది, హైబర్నేట్ ఆప్షన్ కూడా కనపడటం లేదు. ఏం చేయాలి?

అచ్చం ఇదే నాకూ జరిగిందండీ. పోయినేడు వేసవిలో పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరు నుంచి సికింద్రాబాద్ వెళ్తున్నాను. 80 శాతం ఛార్జింగ్ ఉందని చూసుకుని, లాప్‌టాప్ మూసి, బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. మిర్యాలగూడ దాటాక తొడలకు సెగ తగలడం మొదలైంది. కిటికీలోంచి ఎండ అనుకున్నా. జిప్ తీసి చెయ్యి పెడితే అట్లపెనంలా ఉంది. లోపల ఫ్యాన్ రయ్‌మని తిరుగుతోంది. దిగేసరికి ఛార్జింగ్ 11.

బ్యాటరీ పోయిందనుకుని నేను సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తాను. వాళ్లూ మరో మాట లేకుండా కొత్త బ్యాటరీకి రేటు చెప్పారు. మీరు ఆ పని చేసేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి పవర్‌సిఎఫ్‌జి /ఏ అని కొట్టండి. ఇంగ్లీషులో పవర్, దానికి ఆనుకునే సి, ఎఫ్, జి అక్షరాలు, తర్వాత ఖాళీ, స్లాష్, ఏ. మీ మెషీన్‌కి ఏయే రకాల నిద్ర వచ్చో అది చెప్తుంది. నాదాంట్లో 'ఎస్0 లో పవర్ ఐడిల్' ఒక్కటే ఉంది. ఎస్3ని ఫర్మ్‌వేర్ (మెషీన్‌లోనే కంపెనీ వేసిచ్చే మూల సాఫ్ట్‌వేర్) సపోర్ట్ చేయదు అని కింద రాసి ఉంది.

అసలు కిటుకు ఇక్కడే. పాత లాప్‌టాప్‌లలో స్లీప్ అంటే ఎస్3. ర్యామ్‌కి మాత్రం కొంచెం కరెంటు అందుతూ మిగతాదంతా దాదాపు ఆగిపోయేది. ఇప్పుడొచ్చేవాటిలో చాలావరకు ఎస్0నే, దీన్నే మోడర్న్ స్టాండ్‌బై అంటారు. ఇది మన ఫోన్ పడుకున్నట్టు పడుకుంటుంది. స్క్రీన్ ఆరిపోయినా లోపల ఒక కన్ను తెరిచే ఉంటుంది, మెయిల్, అప్‌డేట్ లాంటివి చూసుకుంటూ. అన్నీ సవ్యంగా ఉంటే పర్లేదు. ఏదో ఒక డ్రైవర్ (లోపలి ఒక్కో పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) మొండికేస్తే మాత్రం గాలాడని బ్యాగ్‌లో ఉడికిపోతుంది.

ఎవరు మొండికేశారో తెలియాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా (కుడి క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని) తెరిచిన ప్రాంప్ట్‌లో పవర్‌సిఎఫ్‌జి /స్లీప్‌స్టడీ కొట్టండి, అదీ ఇంగ్లీషులోనే, ఖాళీ లేకుండా. గత మూడు రోజుల రిపోర్ట్ బ్రౌజర్‌లో తెరుచుకునే ఫైల్‌గా వస్తుంది. నాదాంట్లో ఆ రైలు ప్రయాణం తాలూకు గీత ఎర్రగా ఉంది. దాని మీద నొక్కితే వైఫై కార్డు పేరు అన్నిటికన్నా పైన కనపడింది. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి వైఫై డ్రైవర్ కొత్తది వేస్తే సగం తగ్గింది. సగమే.

అందుకే చివరికి స్లీప్‌కి దండం పెట్టి హైబర్నేట్‌కి మారిపోయా. ఇందులో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి మెషీన్ పూర్తిగా ఆగిపోతుంది. మీకు ఆ ఆప్షన్ కనపడటం లేదన్నారు కదా, నాకూ కనపడలేదు. తీసేసింది నేనే! సి డ్రైవ్ నిండిపోయిందని ఎప్పుడో ఒక వీడియో చూసి పవర్‌సిఎఫ్‌జి /హెచ్ ఆఫ్ కొట్టాను. 16 జీబీ ర్యామ్‌కి హైబర్నేట్ ఫైల్ ఆరు జీబీ పైనే తింటుంది మరి. మీరూ ఎప్పుడైనా అలా చేశారేమో గుర్తు తెచ్చుకోండి. అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో చివర ఆఫ్ బదులు ఆన్ పెట్టి కొడితే తిరిగొస్తుంది. తర్వాత కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, మూత మూస్తే ఏం చేయాలి అన్నచోట హైబర్నేట్ పెట్టండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఏం చేయాలో ఒకటి, ఛార్జర్ పెట్టినప్పుడు ఏం చేయాలో ఒకటి, వేర్వేరు గడులుంటాయి. నేను మొదట ఒకటే మార్చి, ఛార్జర్ పెట్టి ఉండగా మూసి, ఆ వెంటనే వైరు పీకి బ్యాగ్‌లో వేసి మళ్లీ కాల్చుకున్నా. రెండూ మార్చండి. మూసిన తర్వాత లైటు ఆరి, ఫ్యాన్ ఆగేదాకా చేతిలోనే ఉంచుకుని అప్పుడు లోపల పెట్టండి.

రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఒక విలువ మారిస్తే పాత ఎస్3 వస్తుందని మీకు ఎవరో ఒకరు చెప్తారు. ఫర్మ్‌వేర్‌లోనే లేనిది రిజిస్ట్రీ ఎక్కణ్నుంచి తెస్తుంది? దాని జోలికి పోకండి.

రాత్రిపూట దానంతటదే లేచి కూర్చుంటుంటే అది వేరే కథ. లేచిన వెంటనే పవర్‌సిఎఫ్‌జి /లాస్ట్‌వేక్ కొట్టి చూడండి. మౌస్ పేరో, నెట్‌వర్క్ కార్డు పేరో వస్తే డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ని లేపే అనుమతి టిక్కు తీసేయండి.

హైబర్నేట్ నుంచి తెరుచుకోవడానికి నాకు ఇరవై సెకన్లదాకా పడుతోంది, ఆ మాత్రం ఓర్చుకోవాలి. కానీ రాత్రి 80 చూసి మూస్తే పొద్దున 79కి తగ్గడం లేదు. బ్యాటరీ ఇంకా ఆ పాతదే. /ఏ కొడితే మీకేం వచ్చిందో కింద రాయండి, ఎస్3 కనపడితే మాత్రం మీ సమస్య వేరే అయి ఉండొచ్చు, అప్పుడు చూద్దాం.